తడపని పొట్టు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా కాలేజీలో అందరికీ తెలుసు. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు ఉష్ణరసాయనం పాఠం మొదలుపెట్టే వారంలో ఆ కోపం ఇంకాస్త పెరుగుతుందని మాత్రం మా ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. ఇరవై ఏళ్ళకు పైగా తిరుపతిలో కెమిస్ట్రీ చెబుతున్నాను. మిగతా పాఠాలన్నీ పుస్తకం తెరవకుండా చెప్పేస్తాను. ఈ ఒక్కదానికి ముందురోజు కూర్చుని నోట్సు రాసుకుంటాను. రాసింది నచ్చక చింపేసి మళ్ళీ రాసుకుంటాను.

నిజానికి అందులో అంత కష్టమేమీ లేదు. ఒక పదార్థం తన మూలకాల నుంచి తయారయ్యేటప్పుడు బయటికి ఇచ్చే వేడో, లోపలికి తీసుకునే వేడో దాని సంశ్లేషణోష్ణం. అదే పదార్థం పూర్తిగా కాలిపోయేటప్పుడు ఇచ్చే వేడి దాని దహనోష్ణం. తయారయ్యేటప్పటి వేడిని చాలావాటికి నేరుగా కొలవలేం. బొగ్గునూ హైడ్రోజన్‌నూ పక్కపక్కన పెట్టి ఎంతసేపు కూర్చున్నా మీథేన్ రాదు. అందుకని బొగ్గును విడిగా కాలుస్తాం, హైడ్రోజన్‌ను విడిగా కాలుస్తాం, మీథేన్‌నూ కాలుస్తాం. మూడు వేడులూ కొలిచి, కూడవలసింది కూడి తీసేయవలసింది తీసేస్తే మీథేన్ తయారైనప్పటి వేడి ఎంతో తేలుతుంది. ఏ దారిన పోయినా సరే, బయల్దేరిన చోటూ చేరిన చోటూ మారకపోతే మొత్తం వేడి మారదు. నియమం ఇంతే. పిల్లలు తలలు వంచుకుని రాసుకుంటారు. వాళ్ళు రాసుకునేంతసేపూ నేను బోర్డు వైపు తిరిగి నిలబడతాను.

మాది నగరి. పొద్దున లేచింది మొదలు మగ్గాల చప్పుడు వినబడే ఊరు. ఆ మగ్గాలకు పోయే నూలుకు రంగు వేసే డైయింగు షెడ్డులో మా నాయన పొయ్యి చూసేవాడు. వరసగా నాలుగు పెద్ద రాగి అండాలు, వాటి కింద మట్టి పొయ్యిలు. నీళ్ళు ఎంత కాగాలో అంతే కాగాలి. తక్కువైతే రంగు నూలుకు పట్టదు, ఎక్కువైతే మచ్చలు పడుతుంది. అది చూసేందుకు నాయన దగ్గర ఏ పరికరమూ లేదు. కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ నీళ్ళలో ముంచి తీసేవాడు. "ఊఁ, పొయ్యండి" అంటే రంగు పోసేవాళ్ళు. ఓనరు ఒకసారి మద్రాసు నుంచి థర్మామీటరు తెచ్చాడు. వారం తిరక్కుండా అది పగిలిపోయింది, మళ్ళీ కావాలని ఎవరూ అడగలేదు. నాయన వేళ్ళుండగా దాంతో ఏం పని అనుకున్నారు.

పొయ్యిలోకి వేరుశెనగ పొట్టు వేసేవాళ్ళు. నూనె మిల్లుల నుంచి లారీలో వచ్చేది. నాయన పొద్దున్నే షెడ్డుకు పోయి, ఆ రోజుకు కావలసిన పొట్టు కుప్ప పోసి, దాని మీద రెండు బిందెల నీళ్ళు చల్లి, పారతో కిందిది పైకి, పైది కిందికి తిరగేసి, గోనెపట్టా కప్పేవాడు. గంట తర్వాత పట్టా తీసి పిడికెడు పొట్టు పిసికి చూసేవాడు. ముద్ద కావాలి, అరచెయ్యి మాత్రం తడి కాకూడదు. అట్లా కుదిరితేనే పొయ్యి ముట్టించేవాడు. ఆ షెడ్డులో ఆయనకంటే ముందు పనిచేసినవాళ్ళూ అలాగే చేశారు.

ఆ ఏడు నేను ఇంటర్ మొదటి సంవత్సరం. మా వీధిలో ఆడపిల్లలు పదో తరగతి కాగానే మగ్గం మీద కూర్చునేవాళ్ళు. అమ్మకు కూడా నన్ను కాలేజీకి పంపడం ఇష్టం లేదు. "ఒక్క ఏడు సూస్తా. సదువు తలకెక్కలేదో, మగ్గం తయారుగా ఉండాది" అని ముందే చెప్పేసింది. నాయనే పట్టుబట్టి చేర్పించాడు. అయిదో తరగతి దాటని మనిషి నా కెమిస్ట్రీ పుస్తకం చేతిలోకి తీసుకుని పేజీలు తిప్పి, మళ్ళీ జాగ్రత్తగా బల్ల మీద పెట్టేవాడు.

ఈ పాఠం చెప్పింది ఆ ఏడే. మా సారు దహనోష్ణం లెక్కలు చేయించాడు. కాలినప్పుడు పుట్టిన నీరు ఆవిరిగా పోతే చేతికొచ్చే వేడి తగ్గుతుందని, ఎందుకంటే నీరు ఆవిరి కావడానికే కొంత వేడి తినేస్తుందని చెప్పాడు. నాకు వెంటనే నాయన చల్లే రెండు బిందెల నీళ్ళు గుర్తొచ్చాయి. పుస్తకంలోది మా ఇంటి మనిషి పనిలో కనబడటం అదే మొదటిసారి. నేల మీద కాలు నిలవలేదు.

ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. "నాయనా, పొట్టు తడిపితే నష్టం. ఆ నీళ్ళు ఆవిరి కావడానికే బోలెడు వేడి పోతాది. అండాకు అందేది మిగతాదే."

"తడపకపోతే పొట్టు పొయ్యిలో నిలవదు పాపా. మంట మాట వినదు" అన్నాడు నాయన.

మాట వినకపోవడం అంటే ఏమిటని అడగాలని నాకు తోచలేదు. నవ్వొచ్చింది. మంటకు చెవులుంటాయా అన్నాను. నోటుపుస్తకం తీసి లెక్క చేసి చూపించాను. కేజీ నీళ్ళు ఆవిరి కావడానికి ఎంత వేడి కావాలో, ఆ వేడి రావాలంటే ఎంత పొట్టు వృథాగా కాలాలో. నాయన ఆ అంకెల వైపు చాలాసేపు చూశాడు. అర్థమయ్యాయని నేననుకోను. అయినా నేను వదల్లేదు, వారం పాటు చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. ఎప్పుడో ఎవరో చేశారని గుడ్డిగా చెయ్యడమేనా అని కూడా అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

చివరికి ఒకరోజు పొద్దున చొక్కా తొడుక్కుంటూ, "సరేలే పాపా, ఈ పొద్దు నీ సదువు చెప్పినట్టే సేస్తా" అన్నాడు.

ఆ రోజు కాలేజీకి సెలవు. మధ్యాహ్నం క్యారియరులో అన్నం తీసుకుని షెడ్డుకు పోయాను. నన్ను చూడగానే నాయన పొయ్యి ముందు నుంచి లేచాడు. ముఖమంతా నవ్వు. "సూడు, అప్పుడే మూడో అండా కాగిపొయ్యిండాది. రోజూ ఈ యాళకు రెండోదే కాగదు. నీ లెక్క నిజమే పాపా." చుట్టూ ఉన్నవాళ్ళకు కూడా వినబడేలా అన్నాడు. నేను అక్కడే, క్యారియరు పట్టుకుని, ఊరంతటినీ గెలిచినట్టు నిలబడ్డాను.

నాలుగో పొయ్యిలో మంట కాస్త తగ్గింది. నాయన చేట నిండా పొట్టు తీసుకుని నిప్పుల మీద ఒక్కసారిగా విసిరాడు. మంట అణిగిపోయింది. కాసేపు పొగ తప్ప ఏమీ లేదు. అంటుకోలేదేమో చూద్దామని ఆయన వంగాడు. అప్పుడు బుస్సుమని పొయ్యి నోట్లోంచి మంట బయటికి తన్నుకొచ్చింది. ముఖానికి అడ్డం పెట్టుకున్న కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది.

పక్కనే నూలు జాడించిన తొట్టి ఉంది. ఇద్దరు మనుషులు నాయనను పట్టుకుని ఆ చెయ్యి అందులో ముంచారు. అవి ఎర్రరంగు జాడించిన నీళ్ళు. కబురందుకుని పరుగెత్తుకొచ్చిన అమ్మ ఆ ఎర్రటి చెయ్యి, ఎర్రటి చొక్కా చూసి అంతా నెత్తురే అనుకుని అక్కడే కూలబడింది. నేను మాత్రం నా చేతిలోంచి జారిపడిన క్యారియరు నుంచి ఒలికిపోయిన సాంబారు వైపు చూస్తూ ఉన్నాను. దాన్ని తుడవాలి, ఎవరైనా జారిపడతారు అనుకున్నాను. అంతకంటే నా బుర్ర పనిచేయలేదు.

నాయన తిరుపతి ఆసుపత్రిలో నెల దాకా ఉన్నాడు. రెండోరోజో మూడోరోజో ఓనరు చూడటానికి వచ్చాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, "ఏమప్పా, ఇన్నేండ్లుగా చేస్తుండావు, తడపని పొట్టు ఎట్ల వేసినావు?" అని అడిగాడు. కోపంగా అడగలేదు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు.

నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను. అమ్మ నాయన తల దగ్గర ఉంది.

"మర్సిపోయినాన్నా" అన్నాడు నాయన. "ఆ పొద్దు తడపను మర్సిపోయినాను."

అని ఒక్కసారి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నోరు తెరవొద్దని మాత్రం ఉంది. నేను నోరు తెరవలేదు. ఆయన చెప్పినందుకు కాదు, భయంతో. బయటపడితే అమ్మ నా పుస్తకాలు అదే రోజు పొయ్యిలో పెడుతుందని నాకు తెలుసు. నాయనకూ తెలుసు.

చెయ్యి మానింది. చూపుడువేలికీ మధ్యవేలికీ మాత్రం స్పర్శ తిరిగి రాలేదు. వేడీ చల్లనా తెలియదు, గుచ్చినా తెలియదు. నాయన మళ్ళీ షెడ్డుకు పోయి ఎడమచేత్తో చూడటం మొదలుపెట్టాడు. ఆ చెయ్యి ఆయన మాట వినలేదు. ఒక ఎర్రరంగు వాయి మొత్తం మచ్చలు పడింది. రెండోది కూడా పాడైపోయాక, ఓనరు మంచిగానే మాట్లాడి, ఆయనను పొయ్యిల దగ్గర నుంచి తీసి నూలు ఆరేసే పనికి మార్చాడు. తడి నూలు చిలపలు వెదురు గడల మీద వేసి ఎండలో తిరగేసే పని. కొత్తగా చేరినవాళ్ళు చేసే పని.

అంతకంటే నన్ను కోసింది ఇంకొకటి. ఏ ఇంటికి ఏ ఛాయ నూలు ఎప్పుడు వేశారో కాగితం లేకుండా చెప్పే మనిషికి షెడ్డులో మతిమరుపాయన అని పేరు పడింది. కొత్తవాళ్ళు పొయ్యి దగ్గర కూర్చుంటే ముందు చెప్పేది ఆయన కథే. "తడిపినావా? అదో, ఆయన మాదిరి మర్సిపోతే చెయ్యి పోతాది." నాయన వెదురు గడల మధ్య నిలబడి అది విని, తానూ నవ్వేవాడట. ఈ సంగతి ఎవరో అమ్మకు చెబితే అమ్మ ఇంట్లో చెప్పి ఏడ్చింది. నేను పుస్తకంలో ముఖం పెట్టుకుని విన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మా సారును ఒంటరిగా పట్టుకుని అడిగాను. పొడి పొట్టు ఎక్కువ వేడి ఇస్తుందనడం తప్పా సార్ అని. ఎందుకడుగుతున్నానో చెప్పలేదు.

"తప్పు కాదమ్మా" అన్నాడాయన. "దహనోష్ణం మొత్తం ఎంత వేడి వస్తాదో చెప్తాది. పూట పట్టి నిదానంగా కాలినా అంతే, రెప్పపాటులో కాలినా అంతే. ఎంతసేపట్లో వస్తాదో ఆ అంకెలో ఉండదు. అది వేరే పాఠం. రెండో సంవత్సరంలో వస్తాది."

ఆ సాయంత్రం రెండో సంవత్సరం అమ్మాయి దగ్గర పుస్తకం అడిగి తెచ్చుకుని చూశాను. చర్యా వేగం పాఠం. మెత్తటి పొడి ఎందుకు గభాలున అంటుకుంటుందో, గాలి తగిలే మేర పెరిగితే ఏమవుతుందో, అంతా ఉంది. మంట మాట వినదని నాయన అన్నది అదే. నాయన చెప్పినప్పుడు నేను నవ్వాను. ఏ దారిన పోయినా మొత్తం ఒకటే అనే నియమం వేడి విషయంలో నిజమే, చెయ్యి విషయంలో కాదు. నేను మొదటి సంవత్సరం పుస్తకంలో సగం చదివి నాయనకు పాఠం చెప్పాను.

అయినా చదువు మానలేదు. మానే హక్కు నాకు లేదనిపించింది. ఆయన వేళ్ళు పోయాయి, పేరు పోయింది, ఇక నేను మగ్గం మీద కూర్చుంటే అవన్నీ దేనికి పోయినట్టు? డిగ్రీ, పీజీ, ఉద్యోగం. ప్రతి మెట్టు దగ్గరా నాయనకు చెప్పేయాలనుకున్నాను, అందరి ముందూ నిజం ఒప్పుకుంటానని. "నాయనా, ఆ రోజు" అని మొదలుపెట్టగానే "ముందు అన్నం తిను పాపా" అనేవాడు. అట్లా ఏళ్ళు గడిచిపోయాయి.

అమ్మా నాయనా చాలాకాలంగా తిరుపతిలో మాతోనే ఉంటున్నారు. ఈమధ్య ఒక ఆదివారం పొద్దున నగరి నుంచి షెడ్డులో నాయనతో పనిచేసినాయన ఒకరు తన కొడుకు పెండ్లి పత్రిక ఇవ్వడానికి వచ్చాడు. ఇంటర్ చదివే మా అమ్మాయి కాఫీ తెచ్చి ఇచ్చింది. అందులో చక్కెర వేయడం మరిచిపోయింది.

ఆయన ఒక గుక్క తాగి నవ్వాడు. "మతిమరుపు మీ తాతదే వచ్చినట్టుండాది బిడ్డకు. తెలుసునా నీకు? మీ తాత పొట్టు తడపను మర్సిపోయి చెయ్యి కాల్చుకున్నాడు."

మంచి మనిషే, మంచి మాటే. అభిమానంతో అన్నాడు. నాయన కూడా ఎప్పటిలాగే నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు, నా మీద.

"మర్చిపోలేదు" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "మా నాయన జన్మలో ఏదీ మర్చిపోలేదు. తడపొద్దని నేను చెప్పినాను. వారం రోజులు పోరు పెట్టి ఒప్పించినాను. ఆసుపత్రిలో నన్ను కాపాడేదానికి అబద్ధం చెప్పినాడు. మీరు ఊరికి పోయినాక అందరికీ ఈ మాట చెప్పండి."

వంటింటి గుమ్మంలో నిలబడిన అమ్మ నా వైపు కాకుండా నాయన వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత చక్కెర డబ్బా తెచ్చి, వచ్చినాయన కాఫీలో రెండు చెంచాలు వేసి కలిపింది. ఆయన తల వంచుకుని తాగి, పోయేటప్పుడు నాయన ముందు నిలబడి రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఇన్నేండ్లు మాతో నవ్వించుకుంటివే అన్నా" అన్నాడు.

ఆయన వెళ్ళాక నాయన వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. నేను పోయి కింద కూర్చున్నాను. ఈసారి అన్నం తినమని అనలేదు.

"నీకు తెలుసు కదా నాయనా, పొడి పొట్టు ఎగుస్తాదని. తెలిసి నా మాట ఎందుకు విన్నావు?"

"తెలుసు. అందుకే ఆ పొద్దు పిడికెడు పిడికెడే వేస్తా వచ్చినాను. నిదానంగా వేస్తే పొడిదైనా ఏమీ కాదు. మూడు అండాలు అట్లనే కాచినాను."

"మరి నాలుగోదానికి చేట నిండా వేస్తివే."

నాయన వీధిలోకి చూశాడు.

"నువ్వొచ్చినావు కదా పాపా. నీ లెక్క ఎంత బాగా పనిచేస్తా ఉండాదో నీకు సూపిద్దామనుకున్నాను."

కుర్చీ చేతి మీద ఉన్న ఆయన కుడిచేతిని, ఆ రెండు వేళ్ళనే, గట్టిగా పట్టుకున్నాను. పట్టుకున్నట్టు ఆయనకు తెలియలేదు. కాసేపటికి తల దించి చూసుకున్నాడు. చూశాక, చెయ్యి కదిలించకుండా అట్లాగే ఉంచాడు.